గుత్తి పందెం రోజున మా మిద్దె మీద

మా ఆయన ఇంక కొన్ని రోజులే అని డాక్టరు చెప్పిన వారంలోనే నేను నా బతుకులో ఎప్పుడూ ఎగరనంత ఎగిరినాను. మిద్దె మీద, కుచ్చెళ్లు ఎగదోపుకొని, కూతురికి పెండ్లి చేసిన ఆడదాన్ని, చిన్నపిల్ల మాదిరి గంతులేసినాను. ఎవరేమనుకుంటే నాకేమి! ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడా కొట్టుకుంటాది. ఏడుపూ వస్తాది, కాదనను. కానీ ముందు వచ్చేది ఆ దడే.

మాది బెంగుళూరులో హలసూరు. మా ఆయనకు బజారు వీధిలో స్టీలు పాత్రల అంగడి. అంగడి పేరుకే, మనిషి మనసంతా మిద్దె మీది పావురాల గూట్లో. ఆ రోజుల్లో బెంగుళూరులో ఈ పిచ్చి చానామందికి ఉండేది. పావురాల్ని బుట్టల్లో పెట్టి రైల్లో ఏదో దూరం ఊరికి పంపిస్తారు. అక్కడ తెల్లవారినాక వదిలిపెడతారు. ఎవరి పక్షి ముందు ఇల్లు చేరితే వాళ్లది గెలుపు. గెలిస్తే ఒక కప్పు ఇస్తారు, దాన్ని తోమేది నేను.

పంపే ముందు వాళ్లొక పని చేస్తారు. మగపక్షిని దాని పెట్ట దగ్గర్నుంచి కొన్నాళ్లు విడదీస్తారు. బుట్టలో పెట్టబోయే ముందు ఒక్క క్షణం పెట్టను చూపించి లాగేస్తారు. ఆ ఆరాటంతో అది ఎక్కడా ఆగకుండా ఎగిరి వస్తాదంట. "మొగుడూ పెండ్లాల్ని విడదీసి ఆటలాడతారా, ఉసురు తగుల్తాది మీకు" అని నేను అరిస్తే మా ఆయన పకపకా నవ్వేవాడు. "నిన్ను గుత్తికి పంపిస్తే నెల దాకా తిరిగి రావు. నా పక్షిని పంపిస్తే నాలుగు గంటల్లో వస్తాది. ఎవరికి ఎక్కువ ప్రేమ ఉండాదో నువ్వే చెప్పు" అనేవాడు. గుత్తి మా అమ్మగారి ఊరు. ఆ మాటకు జవాబుగా ఆ పూట కూరలో ఉప్పు తక్కువేసేదాన్ని.

ఎనభయ్యో దశకం మొదలైనాక ఆయనకు దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. పరీక్షలన్నీ చేసి డాక్టరు చెప్పిందేమంటే, ఏళ్ల తరబడి పావురాల ఈకల దుమ్మూ రెట్ట పొడీ పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడినాయి. ఇంక పక్షుల దగ్గరికి పోకూడదు. మా ఆయన ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినాడు. నేను వదిలేదాన్నా? ఆయన అంగడికి పోయిన పొద్దు చూసి, పక్షులన్నిటినీ బుట్టల్లోకి తోసి, ఆటోలో కూర్చొని బెళ్ళందూరు పోయినాను. అప్పుడు అక్కడ చెరువూ తోటలూ తప్ప ఏమీ లేవు. చెరువు పక్కన కూరగాయలు పండించే ఒకాయనకు ఊరికే ఇచ్చేసినాను. ఆయన సంతోషంగా ఒక సొరకాయ ఇచ్చినాడు. దాన్ని చంకన పెట్టుకొని, పీడ విరగడైంది దేవుడా అనుకుంటా బస్సులో వచ్చినాను.

ఇంటికొచ్చి మిద్దె ఎక్కితే, అన్నీ ఉండాయి! పిట్టగోడ మీద వరసగా కూర్చొని నన్నే చూస్తా ఉండాయి. ఆయన బుట్టల మూత తీసీ తీయగానే ఎగిరి, నా బస్సు కంటే ముందొచ్చినాయి. ఆ పక్షులు పుట్టిన గూటికి తప్ప ఇంకో చోటికి పోవు గదా, ఆ గుణం కోసమే గదా వాటిని పెంచేది! అంత మాత్రం తెలివి లేకుండా పందెం పావురాల్ని దానమిచ్చిన ఆడది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటా. మా ఆయన నవ్వి నవ్వి దగ్గుతా కిందపడినాడు. ఎదురింటి లారీ మెకానిక్ భాయి, పావురాల్లో మా ఆయనకు జోడీ, వీధంతా చెప్పినాడు. చేసేదేముంది, సొరకాయ వండినాను. అప్పట్నుంచీ పక్షుల పని భాయి చూసేటట్టు, మా ఆయన మిద్దె ఎక్కకుండా కింద నుంచే కేకలేసేటట్టు ఒప్పందం. నేను కూరగాయలకు పోయిన ప్రతిసారీ ఆయన ఎక్కేవాడని నాకు తెలుసు. జుట్టులో ఈకలుండేవి.

ఇట్ల రెండేండ్లు జరిగింది. ఒక పొద్దు అంగట్లోనే కూలబడినాడు. ఆస్పత్రిలో మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టినారు. ఊపిరాడక దాన్ని పీకేస్తాడని మత్తుసూదులు వేస్తా ఉన్నారు. సగం నిద్ర, సగం మెలకువ. పిలిస్తే కండ్లు తెరిచి మళ్లీ మూసేవాడు.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచినాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు, కన్నడంలో మాట్లాడేవాడు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి మిషను మీద ఊపిరి పోయిద్దాం, పెడితే కొన్నాళ్లు బతుకుతాడు, కానీ ఆ మిషను మళ్లీ తీయగలమని చెప్పలేను, పెట్టకపోతే కొన్ని రోజులు, అంతే అన్నాడు. "ఏనమ్మా, ఏను మాడోణ?" అన్నాడు. ఏమి చేద్దాం అని అడిగేది నన్ను. పడకలో ఉన్న మనిషిని కాదు. అప్పట్లో అంతే, రోగికి ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు. చెపితే భయంతోనే పోతాడని.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, నా పక్కనే నిలబడి ఉన్నాడు. "బతికుంటే బలుసాకు తినొచ్చు. మిషను పెట్టించమ్మా, ఆలోచించేదేముంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడంటే ప్రాణం. కానీ తీర్మానాలు ఆయన చేసి నా పేరు పెట్టే అలవాటు ఆయనకు. నాకు ఒళ్లు మండింది. "ఉండండి బావగారూ, ఇది నన్నడిగినారు" అన్నాను. ఆయన ముందు నేను అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు.

నా కూతురు అత్తిబెలెలో కాపురం. మొదటి బస్సుకే వచ్చింది. అంతా విని ఒకే మాట అడిగింది: "అమ్మా, నాన్నను అడిగినావా?"

అడగలేదు! ఎవరమూ అడగలేదు! లోపలికి పోయి ఆయన చెవి దగ్గర వంగి, "ఏమండీ, ఇక్కడే ఉందామా, ఇంటికి పోదామా?" అన్నాను. మాస్కు లోపల పెదాలు కదిలినాయి. నేను మాస్కు పక్కకు జరిపితే అన్నాడు: "గుత్తి పందెం యాపొద్దు?"

బావగారు అది మత్తులో పలవరింత అన్నాడు. కావచ్చు. నాకు మాత్రం అదే జవాబు: పందెం ఆదివారం, ఇంటికి పోవాల. అంత సందేహంలో ఉన్న నాకు ఒక్క మాట చాలు పట్టుకోవడానికి. "మిషను వద్దు. ఇంటికి తీసుకుపోతా" అని డాక్టరుకు చెప్పినాను. నా బాధ్యత మీద తీసుకుపోతా ఉండానని సంతకం పెట్టమంటే పెట్టినాను. పావురాల దగ్గరికి మాత్రం పోనీయద్దని డాక్టరు చెప్పినాడు. సరే అని తలూపినాను. తలూపడానికేముంది!

శనివారం పొద్దుగూకకముందే ఇంటికి చేరినాము. ఆక్సిజన్ సిలిండరు బాడుగకు తెచ్చినాడు మా బావగారు, నా మీద కోపంతోనే తెచ్చినాడు. అదే సాయంత్రం భాయి మా గూటి నుంచి ఒకే ఒక పక్షిని పందేనికి పంపించినాడు. ఎర్రకండ్ల మగపక్షి, మా ఆయన చేతుల్లో పుట్టి పెరిగింది. దాని పెట్టను చూపించే పని ఆ పొద్దు నేనే చేసినాను. తిట్టుకుంటానే చేసినాను.

ఆదివారం తెల్లవారేసరికి మత్తు వదిలింది. మా ఆయన కండ్లు తేటగా ఉండాయి. "వదిలినారా?" అన్నాడు. గుత్తిలో ఏడు గంటలకు వదులుతారని చెప్పినాను. ఆయన కండ్లతో మిద్దె వైపు చూపించినాడు. నేనూ భాయీ పడక కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తబోతే బావగారు తలుపుకు అడ్డం నిలబడినాడు. "చంపుతావా వాణ్ని?" అన్నాడు. "పక్కకు జరగండి, లేకపోతే ఒక కాలు పట్టండి" అన్నాను. ఆయన వంగి కుర్చీ కాలు పట్టినాడు.

మిద్దె మీద ఎండ ఇంకా మెత్తగా ఉంది. మా ఆయన మూతికి మాస్కు, పక్కన సిలిండరు, ఒళ్లో దుప్పటి. ముందు పందెం క్లబ్బువాళ్లు సీలు వేసి ఇచ్చిన గడియారం. పక్షి వస్తే చాలదు. గూట్లోకి దిగాల, దాని కాలికున్న రబ్బరు రింగు తీసి ఆ గడియారం పెట్టెలో వెయ్యాల. అప్పుడే టైము పడతాది. అంతవరకూ పక్షి నెత్తి మీద కూర్చున్నా లెక్కలోకి రాదు.

ఇంతలో కబురు ఎట్ల పాకిందో, చుట్టాలంతా దిగినారు. కడచూపులకు వచ్చినవాళ్లు, నా కూతురు కింద వాళ్లకు కాఫీలు కలుపుతా ఉంది. పిన్నమ్మలు, వదినలు, అంగడి పక్క అంగడి వాళ్లు, అందరూ మిద్దెక్కి మా ఆయన చుట్టూ కూర్చొని ముక్కులు చీదుతా ఉండారు. "అయ్యో, ఎట్లుండేవాడు ఎట్లైపోయినాడు" అని ఆయన వినేటట్టే అంటా ఉండారు. ఆయనకు అదేమీ పట్టలేదు. మెడ వెనక్కి వాల్చి ఉత్తరం దిక్కు ఆకాశమే చూస్తా ఉన్నాడు. ఊపిరి తీసుకున్నప్పుడంతా పక్కటెముకలు లోపలికి పోయేవి. నేను ఆయన్ను చూడాలో ఆకాశాన్ని చూడాలో తెలీక రెంటినీ చూసినాను.

పది దాటింది. పదిన్నర. ఇరవై ఏండ్లు ఈ పక్షుల్ని తిట్టిన నోటితోనే, రా నాయనా, రా తండ్రీ అని మొక్కుకుంటా ఉండా! అప్పుడు మా ఆయన చేయి ఎత్తినాడు. నాకేమీ కనపడలేదు. భాయికీ కనపడలేదు. కొంచెంసేపటికి కనపడింది, చీమ తలకాయంత చుక్క.

వచ్చింది! మిద్దె మీద ఒక చుట్టు తిరిగింది. దిగలేదు. ఇంకో చుట్టు. దిగలేదు. ఎట్ల దిగుతాది? అది పోయినప్పుడు అక్కడ ఖాళీ మిద్దె. వచ్చి చూస్తే పెండ్లిపందిరి మాదిరి జనం, రంగురంగుల చీరలు, మధ్యలో నల్లటి సిలిండరు. మూడో చుట్టు తిరిగి పోయి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది. మా ఆయన గొంతులోనుంచి ఒక శబ్దం వచ్చింది. బాధతో కాదు, కోపంతో.

"లేయండి! అందరూ కిందికి పోండి!" అన్నాను. గొంతు పెంచకుండా అరవడమంటే ఏమిటో ఆ పొద్దు నేర్చుకున్నాను. "ఏందమ్మా, చూడ్డానికి వస్తే తరుముతావా" అంది ఒక పిన్నమ్మ. "మళ్లీ వచ్చి చూద్దురు గాని, ఇప్పుడు దిగు తల్లీ, నీ కాళ్లు మొక్కుతా!" చేయి పట్టి లేపినాను. ఒకామెను నడుం పట్టి మెట్ల మీదికి దాటించినాను. బావగారు మాత్రం కదల్లేదు. "సిలిండరు ఎవరు చూస్తారు?" అని గట్టిగా కూర్చున్నాడు. "అయితే గోడ చాటుకు పోండి, పాకుతా పోండి!" అన్నాను. ఆయన, పంచె కట్టిన పెద్దమనిషి, నాలుగు అంగళ్ల యజమాని, మోకాళ్ల మీద పాకుతా పోయి పిట్టగోడ పక్కన కూర్చున్నాడు. మాస్కు లోపల మా ఆయన నవ్వినాడు. ఒట్టు, నవ్వినాడు.

భాయి మెట్ల తలుపు చాటునుంచి "భాభీ, గింజల డబ్బా!" అన్నాడు. డబ్బా తీసుకొని గలగలా ఆడించినాను. పక్షి మెడ తిప్పి చూసింది, కదల్లేదు. నా చేయి దానికి తెలిసిన చేయి కాదు. అప్పుడు మా ఆయన మాస్కు పీకేసినాడు. నేను చూస్తానే ఉండా, అడ్డం పడలేదు. పెదాలు సున్నా చుట్టి ఈల వేసినాడు. అదేమి ఈల, గాలి, అంతే. రెండోసారి వేసినాడు. మూడోసారి కొంచెం పలికింది.

అది ట్యాంకు మీదనుంచి రాయి పడినట్టు పడింది గూటి ముందర! నేరుగా లోపలికి! నేను ఎగబడి పట్టుకున్నాను. బుట్టల్లోకి తోసిన ఆ పొద్దు తప్ప ఏనాడూ ముట్టని పావురం, వెచ్చగా, దాని గుండె నా చేతిలో డబడబలాడతా ఉంది. రింగు తీసినాను, పెట్టెలో వేసినాను, మీట నొక్కినాను. టిక్కుమంది! ఇంకేముంది, గంతులు! భాయి గంతులు, నా గంతులు, గోడ పక్కన బావగారు కూడా లేచి చేతులు ఊపినాడు. కింద మెట్ల మీద పిన్నమ్మలు ఏమి జరిగిందో తెలీక గొల్లున ఏడుపు మొదలుపెట్టినారు. "పోలేదే, గెలిచినాడే!" అని నేను పైనుంచి అరిచినాను.

మాస్కు తిరిగి పెడితే మా ఆయన కొంచెంసేపు గాలి తాగి, దాన్ని జరిపి భాయిని అడిగినాడు. "మళ్లీ పందెం యాపొద్దు?"

"ఇంకో రెండు వారాలకు. రాయచూరు నుంచి" అన్నాడు భాయి.

మా ఆయన నా వైపు తిరిగినాడు. "ఏమే, పోదాం పా."

"యాడికి?"

"ఆస్పత్రికి. ఆ పందేనికి ఉండాల నేను."

ఈయన కోసం డాక్టరును కాదంటి, బావగారిని ఎదిరిస్తి, లోకమంతా మొగుణ్ణి చంపుకుంటా ఉండాదంటే పడితి! ఇప్పుడు తిరిగి పోదామంటాడా? బావగారు చూసినాడు నన్ను. ఇదో, నేను చెప్పలేదా అన్నట్టు కాదు. ఆయనకీ ఏమీ తోచలేదు.

నేను కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. ఇంక దాచేదేముంది! అందరూ ఆయనకు తెలీకుండా మాట్లాడుకున్నదంతా ముఖం మీదే చెప్పినాను. "వినండి. గొంతుకు రంధ్రం చేస్తారు. గొట్టం పెడతారు. మిషను ఊపిరి పోస్తాది. మాట ఉండదు. అది మళ్లీ తీయకపోవచ్చు. దాని మీదే పోవచ్చు మీరు. అందుకే నేను వద్దన్నాను." చెప్తా ఉంటే నా కండ్లనుంచి నీళ్లు కారిపోయినాయి, తుడుచుకోలేదు. ఆయన అంతా విన్నాడు. భయపడి పోలేదు. పాత్రల బేరం ఆలోచించేటప్పుడు చూసినట్టు పక్కకు చూసి ఆలోచించినాడు.

"మాట పోతే పోనీ" అన్నాడు. గాలి తీసుకున్నాడు. "చెవులుంటాయి గదా. నువ్వొచ్చి చెప్పు."

టాక్సీ కోసం బావగారు పరిగెత్తినాడు. దిగేటప్పుడు కుర్చీ ముందు కాళ్లు నేను పట్టినాను. ఆస్పత్రిలో అదే డాక్టరు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, నన్ను పక్కకు పిలవబోయినాడు. నేను కదల్లేదు. "నన్నడగద్దండి. ఆయనకు అంతా తెలుసు. ఆయన్నే అడగండి" అన్నాను. ఆ పెద్దాయన కొంచెం తటపటాయించి, పడక మీదికి వంగి అడిగినాడు. మా ఆయన ముందు పక్షి సంగతి చెప్పినాడు, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి, ట్యాంకు మీద కూర్చున్న దగ్గర్నుంచి. డాక్టరు పూర్తిగా విన్నాడు. అంతా అయినాక మా ఆయన "పెట్టండి" అన్నాడు. అదే నేను విన్న ఆయన ఆఖరు మాట.

మిషను సుఖమైన వస్తువు కాదు. ఎవరైనా సుఖమని చెపితే నమ్మద్దు. రోజూ గొంతులో గొట్టం కడిగేటప్పుడు ఆయన ముఖం చూడలేక గోడ వైపు తిరిగేదాన్ని. ఎందుకు ఒప్పుకున్నాడో అని ఏడ్చినాను కూడా. రాయచూరు పందెం అయిన వారంలోనే పోయినాడు. తరువాత చానామంది నన్నడిగినారు, ఇంట్లోనే ఉంచుకొని ఉంటే మేలు గదా, ఒక పావురం కోసం అంత బాధా అని. ఆయన బాధ, ఆయన పావురం, మీకేమి అన్నాను.

రాయచూరు పందెం రోజు పక్షి గూట్లో దిగింది, రింగు పెట్టెలో పడింది, నేను చెప్పులు కూడా లేకుండా ఆటో ఎక్కినాను. వార్డులోకి పరిగెత్తుకుంటా పోయి, నర్సు గదమాయిస్తా ఉన్నా ఆగకుండా ఆయన చెవి దగ్గర కూర్చొని అంతా చెప్పినాను. ఎట్ల మబ్బేసింది, ఎట్ల ఇంక రాదనుకున్నాము, ఎట్ల తడిసి ముద్దై వచ్చి దిగింది, అంతా. చెప్పి చెప్పి ఆయాసమొచ్చి ఆగినాను. ఆయన నెమ్మదిగా చేయి ఎత్తి, రెండు వేళ్లు నా పెదాల మీద పెట్టినాడు. ఊరికే ఉండమన్నాడేమో అనుకున్నాను. వేళ్లతో నా పెదాలు కదిలించినాడు. నేను మళ్లీ మొదట్నుంచి చెప్పినాను.